ట్రాలీలో పోయే కూలీ ఏ చట్టంలో ఉంది?

తెల్లవారుజామున నాలుగున్నరకు మన పల్లెల్లో ఎవరు లేస్తారో ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పక్కర్లేదు. పొయ్యి రాజేసి, పిల్లలకింత ఉడకేసి పెట్టి, టిఫిను డబ్బాలో అన్నమూ పచ్చడీ సర్దుకొని మన అక్కలూ వదినలూ వాడ మొగదల నిలబడతారు. ఐదున్నరకు ఆటో వస్తుంది. ముగ్గురు కూర్చోవాల్సిన ఆటో. మేస్త్రి అందులో పద్నాలుగు మందినో పదహారు మందినో ఎక్కిస్తాడు. వెనక సామాన్ల చోట నలుగురు కాళ్ళు బయటికి వేలాడేసుకొని కూర్చుంటారు. డ్రైవరుకు అటొకరు, ఇటొకరు. ట్రాక్టరు ట్రాలీ అయితే ముప్పై మంది, నిలబడి, ఒకరి భుజం ఒకరు పట్టుకొని. ఎంత ఎక్కువమంది ఎక్కితే తలకు పడే బాడుగ అంత తగ్గుతుంది. ఆ బాడుగ పోయేది కూలి డబ్బుల్లోంచే.

ఇట్లా ఎక్కడం నేరమని చెప్పడానికి ఈ దేశంలో చట్టం ఉంది. ఇట్లా ఎక్కినవాళ్ళను కాపాడడానికి లేదు. ఈ పక్షం మేము రాస్తున్నది దాని గురించే.

ముందు కొన్ని ఊళ్ళ పేర్లు చెప్పుకుందాం. 2018 ఏప్రిల్‌లో నల్లగొండ జిల్లా పీఏ పల్లి మండలం వద్దిపట్ల దగ్గర, మిరప కోతకు పోతున్న తండా ఆడకూలీల ట్రాక్టరు ప్రాజెక్టు కాల్వలో పడింది. తొమ్మిది మంది చనిపోయారు. మూడు నెలలు తిరక్కముందే, జూన్‌లో, వలిగొండ మండలం వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టరు మూసీ కాల్వలో బోల్తాపడింది. పదిహేను మంది. పత్తి చేనికి పోతున్నవాళ్ళు. రెండూ పాత నల్లగొండ జిల్లావే, రెండూ కాల్వలే, రెండూ పొద్దున పనికి పొయ్యే వేళే. 2020 మేలో, లాక్‌డౌన్ రోజుల్లో, ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీల ట్రాక్టరు కరెంటు స్తంభాన్ని గుద్దితే తీగలు మీద పడి తొమ్మిది మందికి తక్కువ కాకుండా పోయారు. దేశమంతా ఇంట్లో కూర్చోమన్న రోజుల్లో కూడా మిరపకాయ ఆగదు గదా! 2021 జనవరిలో మళ్ళీ పీఏ పల్లి మండలమే. అంగడిపేట దగ్గర పొలం పని ముగించుకొని వస్తున్న ఆటోను లారీ గుద్దింది. తొమ్మిది మంది. 2022 జూన్‌లో సత్యసాయి జిల్లా తాడిమర్రి మండలంలో పనికి పోతున్న ఆటో మీద కరెంటు తీగ తెగిపడి ఐదుగురు ఆడవాళ్ళు సజీవంగా కాలిపోయారు. తీగ ఎందుకు తెగిందయ్యా అంటే ఉడత వల్ల అన్నారు విద్యుత్ అధికారులు. ఐదుగురు మనుషుల చావుకు ఒక ఉడతను ముద్దాయిని చేసిన ఘనత మన రాష్ట్రానికి దక్కింది.

ఈ పేర్లు ఎంతమందికి గుర్తున్నాయి? 2013 అక్టోబరులో పాలెం దగ్గర వోల్వో బస్సు కాలి 45 మంది చనిపోయిన సంగతి అందరికీ గుర్తుంది. 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర బస్సు కాలిన సంగతీ గుర్తుంది. గుర్తుండాలి కూడా. ఆ చావులు చిన్నవని మేమనడం లేదు. ఆ బస్సులు కాలాక ప్రైవేటు బస్సుల మీద తనిఖీలు జరిగాయి, తలుపులూ కిటికీలూ సీటు గుడ్డలూ అన్నీ చర్చకు వచ్చాయి. కూలీ ఆటో బోల్తాపడితే ఏం జరుగుతుంది? ఎమ్మెల్యే వస్తాడు, ఎక్స్‌గ్రేషియా ప్రకటిస్తాడు, ఒక వారం పది రోజులు సెంటర్లో ఆటోలు ఆపి చలాన్లు రాస్తారు. ఆ పది రోజులూ కూలీలు పనికి పోలేక పస్తులుంటారు. పదకొండో రోజు మళ్ళీ అదే ఆటో, అదే పదహారు మంది.

ఇప్పుడు చట్టం మాట. మోటారు వాహనాల చట్టం 1988లో వచ్చింది. దాన్ని 2019లో పెద్ద ఎత్తున సవరించారు. రోడ్డు భద్రత కోసం చరిత్రాత్మక సంస్కరణ అన్నారు. ఆ ఏడాది సెప్టెంబరు 1 నుంచి కొత్త జరిమానాలు అమల్లోకి వచ్చాయి. హెల్మెట్ లేకపోతే వంద ఉన్నది వెయ్యి. లైసెన్సు లేకపోతే ఐదు వందలు ఉన్నది ఐదు వేలు. తాగి నడిపితే రెండు వేలున్నది పది వేలు. కొన్ని రాష్ట్రాలు ఈ రేట్లు మేం పెంచమన్నాయి, కొన్ని పెంచాయి. ఆంధ్రలో 2020 అక్టోబరులో పెంచారు. తెలంగాణలో పాత రేట్లే ఉంచారు గానీ, చలాన్లు కట్టలు కట్టలుగా పేరుకుపోతే 2022 మార్చిలో బైకుల మీద ముప్పావు వంతు తగ్గించి మిగతాది కట్టమన్నారు. పాత బాకీ సెటిల్‌మెంటు లాగా! చావులు తగ్గించడానికి పెట్టిన జరిమానా ఖజానా లెక్కగా మారితే ఇట్లాగే ఉంటుంది.

చావులు తగ్గాయా? 2022లో ఈ దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర ప్రభుత్వ నివేదికే చెప్పింది. రోజుకు 460 మందికి పైగా. 2023లో అది 1,72,000 దాటింది. 2022 లెక్కలో వందకు 44 మందికి పైగా బైకుల మీద పోయేవాళ్ళు, ఇంకో 19 మందికి పైగా నడిచిపోయేవాళ్ళు. చనిపోయినవాళ్ళలో మూడింట రెండు వంతులు పల్లె ప్రాంతాల్లోనే. ఎవరు చస్తున్నారో దీన్నిబట్టే అర్థమవుతుంది. కారున్నవాడు రోడ్డుకు యజమాని, కాళ్ళున్నవాడు రోడ్డుకు అడ్డం. ఆ నివేదికలో ఏ బండి, ఏ వయసు, ఆడా మగా, ఏ రోడ్డు అని పట్టికలున్నాయి. పనికి పోతూ బండిలో చచ్చిన కూలీ అని ఒక గడి మాత్రం లేదు. లెక్కలో లేనివాళ్ళ కోసం చట్టం ఎవరు రాస్తారు?

అసలు విషయం ఇక్కడే ఉంది. ట్రాక్టరు ట్రాలీ సరుకు మోసేది. అందులో మనిషి ఎక్కితే ఆ మనిషి చట్టం దృష్టిలో ఊరికే ఎక్కిన ప్రయాణికుడు. ఇన్సూరెన్సు కంపెనీ ఏమంటుందంటే, మా పాలసీ బండికీ, డ్రైవరుకీ, రోడ్డు మీద దెబ్బతిన్న మూడో మనిషికీ ఉంది, ఈ తొట్టిలో ఎక్కినవాళ్ళకు లేదు అంటుంది. 1999 డిసెంబరులో సుప్రీం కోర్టు ఒక కేసులో కంపెనీయే కట్టాలంది. మూడేళ్ళకు, 2002 డిసెంబరులో, ముగ్గురు జడ్జీల బెంచి ఆ తీర్పును కొట్టేసింది. సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్ళకు కంపెనీ బాధ్యత లేదంది. సరుకుతో పాటు పోయే సరుకు యజమానికైతే 1994 సవరణతో రక్షణ ఉంది. బాగా గమనించండి. మిరప బస్తాతో పాటు పోయే బస్తా ఆసామికి బీమా ఉంది. ఆ మిరపకాయ కోసిన ఆడమనిషికి లేదు.

ఊరికే ఎక్కిందట! పొద్దున్నే ఐదున్నరకు చలిలో నిలబడి, కూలిలోంచి బాడుగ కోయించుకొని, షికారుకు ఎక్కిందా?

2007లో ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాక్టరు మీంచి పడి దెబ్బలు తిన్న ఒక కూలీ కేసు సుప్రీం కోర్టు దాకా పోయింది. అక్కడా చట్ట ప్రకారం కంపెనీ కట్టక్కర్లేదనే తేలింది. ఆ మనిషి పేదరికం చూసి, కోర్టు తనకున్న ప్రత్యేక అధికారంతో, ముందు కంపెనీ కట్టి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. సంతోషమే. కానీ అది జడ్జీగారి దయ. ఇంకో జడ్జీగారికి దయ కలగకపోతే? కూలీల నష్టపరిహారం దయ మీద కాకుండా హక్కు మీద నిలబడాలి. ముందు కట్టు, తర్వాత వసూలు చేసుకో అన్న మాటను చట్టంలోనే రాయాలి. ఇది మా మొదటి డిమాండు.

ట్రాక్టరు యజమానే కూలి ఇచ్చే ఆసామి అయిన చోట కొంత దారి దొరుకుతుంది. తన పనివాళ్ళను తన బండిలో తీసుకుపోతున్నాడని వాదించవచ్చు. కానీ మన దగ్గర చేను ఒకరిది, ట్రాక్టరు ఒకరిది, కూలీలను పిలిచిన మేస్త్రి ఇంకొకరు. ప్రమాదం జరగ్గానే ముగ్గురూ మూడు దిక్కులకు పోతారు. నేను బండి బాడుగకిచ్చాను అంటాడొకడు. నేను మనుషుల్ని పంపమన్నాను గానీ బండి సంగతి నాకు తెలియదంటాడింకొకడు. మేస్త్రి ఊళ్ళోనే కనపడడు. అందుకే పనికి పిలిచినవాడే దారి బాధ్యత కూడా మోయాలని మేమంటున్నాం. ఇది గాలిమాట కాదు. 2025 జులైలో సుప్రీం కోర్టు, తెల్లవారుజామున డ్యూటీకి పోతూ దారిలో చనిపోయిన ఒక చక్కెర ఫ్యాక్టరీ కాపలాదారు కేసులో, పనికి పోయే దారికీ పనికీ సంబంధం ఉన్నప్పుడు ఆ ప్రమాదం పనిలో జరిగిన ప్రమాదమేనని చెప్పింది. ఫ్యాక్టరీ కాపలాదారుకు వర్తించే న్యాయం పత్తి చేనుకు పోయే కూలీకి ఎందుకు వర్తించకూడదు?

వేములకొండ చావులు జరిగిన రెండు నెలలకే, 2018 ఆగస్టులో, తెలంగాణలో రైతు బీమా మొదలైంది. ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఐదు లక్షలు. మంచి పథకమే. కానీ పట్టా ఉన్నవాళ్ళకే పెట్టారు. గట్టు మీద నిలబడి అజమాయిషీ చేసేవాడికి బీమా, చేలో వంగి కలుపు తీసేవాళ్ళకు లేదు. భూమి లేకపోవడం మనం చేసిన తప్పా?

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. మన పల్లెల్లో చాలామందికి తెలియదు. బాబాసాహెబ్ అంబేద్కర్‌కే రోడ్డు ప్రమాదం జరిగింది. 1929లో బొంబాయి ప్రభుత్వం అంటరానివాళ్ళ బాధలు విచారించడానికి వేసిన కమిటీలో ఆయన సభ్యుడు. ఆ పని మీద తిరుగుతూ చాలీస్‌గాఁవ్ స్టేషన్లో దిగారు. అక్కడి మహర్లు ఆయన్ను తమ వాడకు తీసుకుపోదామనుకున్నారు. టాంగా వాళ్ళెవరూ అంటరానివాడిని ఎక్కించుకొని తోలమన్నారు. ఆయన బారిస్టరు, ప్రభుత్వ కమిటీ సభ్యుడు. అయినా తోలమన్నారు. చివరికి రాజీ ఏమిటంటే, టాంగా మేమిస్తాం, తోలేవాణ్ణి మీరే చూసుకోండి అన్నారు. మహర్లలో ఒకతను పగ్గాలు పట్టుకున్నాడు. పాపం అతనికి తోలడం రాదు. వాగు మీది కల్వర్టు దగ్గర చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుని, గుర్రమూ బండీ వాగులో పడ్డాయి. బాబాసాహెబ్ రాళ్ళ మీదికి విసిరికొట్టినట్టు పడిపోయారు. కాలు విరిగింది. చాలా రోజులు మంచాన ఉన్నారు.

ట్రాఫిక్ పోలీసు ఆ కేసు రాస్తే ఏమని రాసేవాడు? లైసెన్సు లేని డ్రైవరు, అజాగ్రత్త, అంతే. టాంగావాడి కులం ఆ కాగితంలో ఉండదు. రాని మనిషి చేతికి పగ్గాలు ఎందుకు పోయాయో ఉండదు. ఈనాటి ట్రాలీ కేసుల్లోనూ అంతే. డ్రైవరు అతివేగం, అజాగ్రత్త. మంచి బస్సు ఒకరికి, కాలం చెల్లిన ఆటో ఇంకొకరికి ఎట్లా వచ్చిందో ఏ ఎఫ్ఐఆర్‌లోనూ రాయరు.

ఆ స్టీరింగు ముందు కూర్చున్న కుర్రాడు కూడా ఎక్కువసార్లు మన పిల్లాడే. వాడలోని పిల్లాడో, పక్క బీసీ బజారు పిల్లాడో. పదో తరగతి తప్పి, ఆసామి ట్రాక్టరు మీద రోజుకింత అని ఎక్కినవాడు. లైసెన్సు తీయించమంటే ఆసామి చూద్దాం అంటాడు. పొద్దున కూలీలను దించి, పగలు దున్ని, రాత్రి ఇసుక తోలి, మళ్ళీ తెల్లారి కూలీలను ఎక్కిస్తాడు. వాడికి నిద్ర ఎప్పుడు? ప్రమాదం జరిగితే జైలుకు పోయేది వాడు. ట్రాక్టరును కోర్టు నుంచి విడిపించుకు వచ్చేది ఆసామి. శిక్షలు పెంచండి, పదేళ్ళు వేయండి అని టీవీల ముందు కూర్చున్నవాళ్ళు అరుస్తుంటే మేము ఆ అరుపులో గొంతు కలపలేకపోతున్నాం. లైసెన్సు లేనివాడికి బండి ఇచ్చిన యజమానికి ఐదు వేల జరిమానో మూడు నెలల జైలో వేయవచ్చని చట్టంలోనే ఉంది. కానీ మన ఊళ్ళల్లో ఆ జైలుకు పోయిన ఆసామిని మేమైతే చూడలేదు.

ఇంకో సంగతి. కొత్త న్యాయ సంహితలో, గుద్ది పారిపోయిన డ్రైవరుకు పదేళ్ళ దాకా శిక్ష అని పెట్టారు. 2024 జనవరిలో లారీ డ్రైవర్లు బళ్ళు ఆపేశారు. పెట్రోలు బంకుల దగ్గర మైళ్ళ క్యూలు. ప్రభుత్వం దిగివచ్చింది. ఆ ఏడాది జులై 1న సంహిత అమల్లోకి వచ్చినా ఆ ఒక్క సెక్షనును పక్కన పెట్టారు. మంచో చెడో అటుంచి, సంఘం ఉన్నవాళ్ళ మాట చట్టం వింటుందని దీంతో తేలింది గదా. కూలీ ఆటో ఎక్కే ఆడవాళ్ళు ఒక్క వారం మిరప కోత ఆపితే ఏమవుతుందో మేస్త్రులకూ ఆసాములకూ బాగా తెలుసు. మనకే ఇంకా తెలిసినట్టు లేదు.

అన్నీ బయటివాళ్ళ తప్పులే అని రాసి తప్పించుకోవడం మాకు ఇష్టం లేదు. ఏప్రిల్ 14న మన ర్యాలీలు చూడండి. బైకు మీద ముగ్గురు, ఒక్కడి తల మీదా హెల్మెట్ ఉండదు, వెనకవాడు జెండా పట్టుకొని నిలబడి ఉంటాడు. సాయంత్రానికి కొందరు తాగి ఉంటారు. బాబాసాహెబ్ జయంతి నాడు మన పిల్లాడి శవం ఆసుపత్రి మార్చురీలో ఉంటే ఆ దండలకు అర్థమేమిటి? హెల్మెట్ పోలీసుల కోసం కాదు. ఊరి పెద్దల ముందు తల వంచకూడదన్న ఉద్యమం, ఆ తలను డివైడరుకు అప్పగించమనలేదు. ఇకపై మా పిలుపుతో జరిగే ర్యాలీలో హెల్మెట్ లేని బైకు వరసలో ఉండదు. కార్యకర్తలు దీన్ని కబురనుకోకుండా నిర్ణయమనుకోవాలి.

మళ్ళీ చట్టానికి వద్దాం. 2019 సవరణలో 194ఏ అని ఒక సెక్షను ఉంది. ఎక్కువమందిని ఎక్కిస్తే తలకు రెండు వందల జరిమానా. ఇంతవరకు పోలీసులకు బాగా తెలుసు. దాని కిందనే ఇంకో మాట ఉంది. ఎక్కువైన ప్రయాణికులను దించి, వాళ్ళకు వేరే బండి ఏర్పాటు చేసేదాకా ఈ బండిని కదలనివ్వకూడదు అని. వేరే బండి ఏర్పాటు! మన అక్కలను నడిరోడ్డు మీద దించేసి ఆటోను స్టేషనుకు తీసుకుపోయిన ప్రతిసారీ ఈ మాట అడగండి. అయ్యా, వేరే బండి ఏది? దించడం చట్టమైతే ఎక్కించడమూ చట్టమే గదా.

ఆ వేరే బండి ఆర్టీసీ బస్సే కావాలని మేమంటాం. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు బస్సులో టిక్కెట్టు లేదు. కాలేజీ పిల్లలకూ, ఆసుపత్రికి పొయ్యే తల్లులకూ దీనితో ఎంత మేలు జరిగిందో కళ్ళారా చూస్తున్నాం. అయితే పొద్దున ఐదున్నరకు మన వాడకు బస్సు లేదు. చేల దారిన అసలే లేదు. కొన్ని ఊళ్ళకు రోజుకు రెండు ట్రిప్పులు, పదింటికొకటి, సాయంత్రం ఇంకొకటి. టిక్కెట్టు ఉచితం, బస్సు మాత్రం కనపడదు. ఉచిత టిక్కెట్టు చేతిలో పెట్టుకొని మన ఆడవాళ్ళు బాడుగ కట్టి ఆటో ఎక్కుతున్నారు. నాట్లప్పుడు, పత్తి తీసేటప్పుడు, మిరప కోతలప్పుడు, అంటే ఏడాదిలో నాలుగైదు నెలలు, కూలీలు ఎక్కువగా కదిలే మండలాల్లో తెల్లవారుజామున ఒక ట్రిప్పు, సాయంత్రం ఒక ట్రిప్పు నడపడం ఆర్టీసీకి అసాధ్యమేమీ కాదు. జాతరలకూ పుష్కరాలకూ వేల స్పెషల్ బస్సులు వేసే సంస్థ అది. ఆర్టీసీ బస్సైతే ఏమీ కాదని కూడా మేము భ్రమ పెట్టం. 2018 సెప్టెంబరులో కొండగట్టు ఘాటు రోడ్డులో వంద మందికి పైగా ఎక్కిన బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఒక్క బస్సులో వంద మంది ఎందుకెక్కారు? రెండో బస్సు లేక.

బస్సు రాని చోట? అక్కడ కూలీల కోసం వేరే పర్మిటు పెట్టాలి. పక్కలకు కడ్డీలు, కూర్చునే బల్లలు, లెక్కకు మించకుండా మనుషులు, అందరికీ బీమా, లైసెన్సున్న డ్రైవరు. ఖర్చు పనికి పిలిచినవాడిది. ఇది పెడితే చిన్న రైతు మీద భారం పడుతుందని కొందరు మిత్రులు మాతో వాదించారు. ఎకరం కౌలు చేసుకునే మాదిగ రైతు ఈ ఖర్చు ఎక్కణ్ణుంచి తెస్తాడు అని. నిజమే, ఆ ప్రశ్నను కొట్టిపారేయలేం. కౌలుదారుల్లో మనవాళ్ళే ఎక్కువైన ఊళ్ళున్నాయి. చిన్న కమతాలకు ఆ ప్రీమియం ప్రభుత్వం కట్టాలన్నది మా జవాబు. ట్రాక్టర్లకు సబ్సిడీ ఇవ్వగలిగిన ప్రభుత్వం దాని తొట్టిలో నిలబడ్డ మనిషికి ప్రీమియం కట్టలేదా?

రోడ్లు వేసేవాళ్ళ గురించి కూడా ఒక మాట. అదే సవరణలో 198ఏ సెక్షను ఉంది. రోడ్డు డిజైను, నిర్మాణం, మరమ్మతు నిబంధనల ప్రకారం లేక మనిషి చచ్చినా వికలాంగుడైనా, ఆ కంట్రాక్టరుకో అధికార సంస్థకో జరిమానా. ఎంత? ఎక్కువలో ఎక్కువ లక్ష. ఎక్కువ సరుకు వేసిన లారీకి ఇరవై వేలు, పైన టన్నుకు రెండు వేలు. కోట్ల రూపాయల రోడ్డులో నాసిపని చేసి మనిషిని చంపినవాడికి లక్షకు మించదు. కాల్వ కట్ట మీది దారికి పక్కగోడ లేదు. మలుపులో రాయి లేదు. నాలుగు వరసల హైవే వాడకూ శ్మశానానికీ మధ్యన వేశారు, కింద దారి పెట్టలేదు. శవాన్ని మోసుకొని డివైడరు ఎక్కి దిగే ఊళ్ళు ఎన్ని లేవు? ఆ లక్ష పరిమితి తీసెయ్యాలి. జరిమానా సంస్థ ఖాతాలోంచి కాకుండా కంట్రాక్టరు బిల్లులోంచి కొయ్యాలి.

చట్టం మారేదాకా చేతులు కట్టుకొని కూర్చోలేం కాబట్టి ఉన్న చట్టాన్ని వాడుకునే సంగతులు కొన్ని. కార్యకర్తలు ఈ పేజీ చించి దగ్గర పెట్టుకోండి.

ప్రమాదం జరిగిన చోట దెబ్బతిన్నవాళ్ళను ఆసుపత్రికి చేర్చినవాళ్ళ మీద కేసు పెట్టకూడదని, పేరు చెప్పమని బలవంతం చేయకూడదని 134ఏ చెబుతోంది. భయపడి ఎవరూ దూరం జరగొద్దు. 2025 మేలో వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల దాకా, లక్షన్నర దాకా వైద్యం నగదు లేకుండా అందాలి. ఆసుపత్రి వాళ్ళు డబ్బు కట్టమంటే ఈ పథకం పేరెత్తి అడగండి. ఎఫ్ఐఆర్ రాసేటప్పుడు పక్కన మనిషి ఉండాలి. డ్రైవరు పేరొక్కటే రాస్తే సంతకం పెట్టకండి. బండి ఎవరిది, ఎవరి చేనుకు పోతున్నారు, ఎవరు పిలిచారు, బాడుగ ఎవరు కోశారు, ఇవన్నీ వాంగ్మూలంలో ఉండాలి. తర్వాత కేసు నిలబడేది దీని మీదే. 2022 ఏప్రిల్ నుంచి ఉన్న నిబంధనల ప్రకారం పోలీసులు 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కు పంపాలి. పంపారా అని స్టేషనుకు పోయి అడిగేవాళ్ళు ఉంటేనే అవి కదులుతాయి.

నష్టపరిహారం దరఖాస్తు ఆరు నెలల్లోపు వేయాలని 2019 సవరణలో గడువు పెట్టారు. 1994 సవరణ నుంచి అప్పటిదాకా అలాంటి గడువు లేదు. చావు దినాలు, అప్పులు, ఆసుపత్రి, వీటిలోనే మన కుటుంబాలకు ఆరు నెలలు గడిచిపోతాయి. గడువు దాటిందన్న కారణంతో దరఖాస్తులు కొట్టేయవద్దని 2025 నవంబరులో సుప్రీం కోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. దాన్ని నమ్ముకొని మాత్రం ఆగకండి. ఆరు నెలల లోపే వేయండి. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోతే కేసు లేదని పోలీసులు అంటారు. అబద్ధం. చనిపోతే రెండు లక్షలు, తీవ్రంగా గాయపడితే యాభై వేలు వస్తాయి. రెవెన్యూ అధికారి దగ్గర దరఖాస్తు పెట్టుకోవాలి. 2022కు ముందు చావుకు పాతిక వేలే ఉండేది.

ఆడమనిషి చనిపోతే ఆమె సంపాదన ఎంతని ట్రిబ్యునల్‌లో అడుగుతారు. కాగితం లేదంటే తక్కువ కడతారు. జాబుకార్డు, పొదుపు సంఘం పుస్తకం, మేస్త్రి రాసుకున్న హాజరు చీటీ, ఏది ఉంటే అది దాచిపెట్టండి. ఇంటి చాకిరీకి కూడా విలువ కట్టాలని 2021 జనవరిలో సుప్రీం కోర్టు గట్టిగా చెప్పింది. మీ వకీలు ఆ మాట ఎత్తకపోతే మీరే ఎత్తించండి.

ఇక మీతో మాకున్న పని. వచ్చే సంచిక లోపు ఒక్కో ఊరి నుంచి ఒక కాగితం కావాలి. మీ వాడ నుంచి పొద్దున ఎన్ని ఆటోలు, ఎన్ని ట్రాక్టర్లు కదులుతున్నాయి, ఒక్కోదాంట్లో ఎంతమంది, ఎంత దూరం, ఎవరి చేలకు, తలకు బాడుగ ఎంత, దాన్ని ఎవరు కోస్తున్నారు, మొదటి బస్సు ఎన్నింటికి. డ్రైవరు పేరు రాయకండి, అతని పొట్ట కొట్టడం మన పని కాదు. ఆటో ఎక్కే ఆడవాళ్ళనే కూర్చోబెట్టి వాళ్ళ నోటితో చెప్పించి రాయండి. మేస్త్రిని అడిగి రాయొద్దు. ఈ కాగితాలన్నీ కలిపి, ఊరికిద్దరు ఆడకూలీలను వెంటబెట్టుకొని, ముందు డిపో మేనేజరు దగ్గరికి, తర్వాత కలెక్టరు దగ్గరికి పోదాం. కలెక్టరే జిల్లా రోడ్డు భద్రతా కమిటీకి అధ్యక్షుడు. ఆ కమిటీ సమావేశంలో కూలీ ఆటో ఎక్కేవాళ్ళు ఒక్కరైనా ఎప్పుడైనా కూర్చున్నారా అని అడుగుదాం. మిరప కోతలు జనవరిలో మొదలవుతాయి. అప్పటికి లెక్క మన చేతిలో ఉండాలి.